సోమవారం గోలీ

నస్పూర్
19 జూన్ 2023

ప్రియమైన సంపత్‌కు బాపు దీవెనలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం క్షేమమే. నాలుగు రోజుల కిందటే కరీంనగర్‌లో నీ గదిలో పడుకుని వచ్చినవాణ్ణి, ఇంతలోనే ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే మీ అవ్వ స్పీకర్ పెడుతుంది. ఆమె స్పీకర్ పెడితే మన క్వార్టర్ల వరుసంతా వింటుంది. నా ఒంటి సంగతి ఆ వరుసకెందుకు?

ఆ రోజు డాక్టర్ పద్మలత గారు అంతసేపు చెప్పారు కదా, నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. సోరియాసిస్ అన్న పేరు ఒక్కటే గుర్తుంది. చొక్కా విప్పమన్నప్పుడు నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు. ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో పని చేసినవాణ్ణి, దేనికీ సిగ్గుపడలేదు. నా వీపు నా కొడుకు చూస్తున్నాడంటే మాత్రం భూమిలోకి దిగిపోవాలనిపించింది. భూమిలోకి దిగడమే నా పని అనుకో. అందుకే ఆమె చెప్పినవన్నీ గుర్తున్నంత మేరకు రాసి పంపు. అంటుకుంటుందా లేదా, అది ముందు రాయి.

ఎందుకు అడుగుతున్నానంటే, షిఫ్టు దిగి స్నానానికి వెళ్తే పక్కవాళ్లు బకెట్లు జరుపుకుంటున్నారు. ఇన్నేళ్లు నా పొగాకు అడిగి తిన్నవాళ్లు ఇప్పుడు దంతాలు బాగాలేవంటున్నారు. నాతో కాపురం చేసిన మీ అవ్వ కూడా నా చెంబు, తువ్వాల వేరు పెట్టింది. "అంటుకుంటదని కాదు, ఎందుకైనా మంచిదని" అంటుంది. వీపుకు నా చెయ్యి అందదు, కాస్త మందు రాయవే అంటే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని వస్తుంది. మందంతా కవరుకే పోతుంది. గేటు ముందు హోటల్ బాబు మియా ఒక్కడే తన గ్లాసులో చాయ్ సగం నాకు ఇస్తాడు. "నీకున్నది నాకొస్తే ఇద్దరం కల్సి గోక్కుందాం తియ్యి" అంటాడు.

కంపెనీ దవాఖానలో చూపించుకోమని నువ్వన్నావు. అక్కడ వరుసలో నిలబడితే ఊరంతా తెలుస్తుంది. కరీంనగరే నయం.

జవాబు ఇంటికి కాదు, బాబు మియా హోటల్ చిరునామాకు రాయి. నీది ఎడమచేతి రాతే అయినా అక్షరం కుదురుగా ఉంటుంది. చిన్నప్పుడు మీ సారు కుడిచేతికి మార్పిస్తానంటే వద్దన్నది నేనే. నీకు చేసిన మంచిపనుల్లో అదొకటి గుర్తు పెట్టుకో. కానిస్టేబుల్ ఉద్యోగం పరుగు పరీక్షలో పోయిందని దిగులు పడకు. స్పేర్ పార్టుల దుకాణంలో పని తక్కువేం కాదు.

మీ బాపు
పరశురాములు


కరీంనగర్, ముకరంపుర
28 జూన్ 2023

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఆ తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను. ముందు నువ్వు అడిగినదే చెప్తాను. అంటుకోదు. చెంబుతో అంటుకోదు, తువ్వాలతో అంటుకోదు, పక్కన పడుకున్నా అంటుకోదు. ఈ ముక్క అవ్వకు చదివి వినిపించు. కావాలంటే స్పీకర్‌లోనే వినిపించు.

ఇది పాపం వల్ల వచ్చింది కాదు, బాయి నీళ్ల వల్ల వచ్చింది కాదు. మన ఒంట్లో కాపలావాళ్లు ఉంటారట. బయటి రోగాన్ని తరమడం వాళ్ల పని. కొందరిలో ఆ కాపలావాళ్లు పొరబడి సొంత ఒంటి మీదే పడతారు. మామూలుగా పాత చర్మం రాలి కొత్తది రావడానికి నెల పడుతుంది. నీకు నాలుగైదు రోజుల్లోనే వచ్చేస్తోంది. పాతది రాలకముందే కొత్తది తోసుకొస్తే ఆ తెల్ల పొలుసులు పేరుకుంటాయి. వంశంలో కూడా ఉండొచ్చట. నాకూ వస్తుందా అని అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు. ముందు మీ బాపుకు వచ్చిందాని సంగతి చూడండి" అన్నారామె.

పూర్తిగా పోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దన్నారు. కానీ బీపీ, షుగర్లను అదుపులో పెట్టుకున్నట్టు దీన్నీ పెట్టుకోవచ్చట. ఇక జాగ్రత్తగా చదువు.

చీటీ మీద ఉన్నట్టే పెద్ద గోలీ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే వేములవాడ రాజన్న పేరు మీద నువ్వు ఒక్కపొద్దుండే సోమవారమే పెట్టమన్నాను. మరుసటి రోజు చిన్న పసుపు గోలీ. నెలకోసారి రక్తపరీక్ష తప్పదు. మద్యం తాగకూడదు, పండుగైనా సరే, కాలేయం దెబ్బతింటుంది. పొలుసులను గీకకూడదు. ఇటుకముక్కతోనో రాయితోనో రుద్దితే, ఆ గీరుకున్న చోటే కొత్త మచ్చ లేస్తుంది. స్నానం చేయగానే ఒళ్లు తడి ఆరకముందే పూతమందు రాయాలి. మనసులో చింత పెట్టుకుంటే కూడా ఇది పెరుగుతుందట. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతే, వాస్తే, వెంటనే చెప్పాలి. ఈ జబ్బు కొందరికి కీళ్లలోకి దిగుతుంది. మొదట్లోనే పట్టుకుంటే ఆపవచ్చు, వేలు వంకర పోయాక మాత్రం తిరిగి చక్కబడదు.

మొన్న మన పక్క వరుస వెంకటేశ్ కలిశాడు. వాళ్ల బాపు గుండె జబ్బుతో పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చింది కదా, ఆ నౌకరి వీడికి ఇచ్చారు. నాతోపాటే పరుగులో పోయినవాడు, ఇప్పుడు కంపెనీ బూట్లతో ఫోటోలు పెడుతున్నాడు. 'వాడికి బాపు గుండె కలిసొచ్చింది, మా బాపుకేమో పైపైన చర్మానికి వచ్చింది' అని గదిలో అందరం నవ్వుకున్నాం. నవ్వులాటకే రాశాను బాపు, పట్టించుకోకు.

నీ కొడుకు
సంపత్


నస్పూర్
21 ఆగస్టు 2023

ప్రియమైన సంపత్‌కు,

నీ ఉత్తరం అందింది. చదవడం ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చదివాను. ఏం చేయాలో, ఏం చేయకూడదో అన్నీ నోటికి వచ్చేశాయి. పదో తరగతిలో ఇంత శ్రద్ధగా చదివి ఉంటే బాయి దిగేవాణ్ణే కాదు.

మందుల గురించి ఫికర్ చేయకు. ఒంటి సంగతి మాత్రం నువ్వు అనుకున్నట్టు లేదు. తగ్గలేదు సరికదా, మోకాళ్ల కింద కాళ్ల మీద కొత్తగా లేచాయి. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు వాచాయి. పొద్దున పిడికిలి బిగించాలంటే గంట పడుతోంది. బాయి కింద పంపు దగ్గర వాల్వు తిప్పడానికి పక్కవాణ్ణి పిలుస్తున్నాను. డాక్టరమ్మను మాటవరసకు ఒకటి అడుగు. కీళ్ల దాకా వస్తే బోర్డు వాళ్లు లెక్కలోకి తీసుకుంటారా?

మీ అవ్వ వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కింది. పోయిన సోమవారం తీసుకెళ్లింది. ధర్మగుండంలో నేను దిగితే చుట్టూ ఉన్నవాళ్లు ఒడ్డెక్కారు. మీ అవ్వ సిగ్గుపడింది కానీ నాకు హాయిగా అనిపించింది. పండుగపూట కాకపోయినా అంత జనంలో అంత చోటు ఎవరికి దొరుకుతుంది?

నువ్వు రాసింది ఆమెకు చదివి వినిపించాను. అంతా విని "డాక్టర్లు అట్లనే అంటరు" అంది. చెంబు ఇంకా వేరే ఉంది.

మన వెంకటేశ్ నిన్న చాయ్ తాగుతుంటే ఎదురయ్యాడు. బూట్లు బాగున్నాయి. నీ పాదాల కొలత ఎనిమిదా, తొమ్మిదా? ఊరికే అడుగుతున్నాను.

మీ బాపు
పరశురాములు


కరీంనగర్
9 సెప్టెంబర్ 2023

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె రెండుసార్లు చదివారు. ఇన్ని వారాలు ఈ గోలీ పడితే ఎంతో కొంత తగ్గాలి, ఇలా పెరగకూడదు అన్నారు. "వేసుకుంటున్నాడా? నువ్వు కళ్లతో చూశావా?" అని అడిగారు. మా బాపు మాట ఇచ్చాడంటే బాయిలో దీపం లాంటిది, ఆరదు అని చెప్పాను. నీ తరఫున నేను పూచీ పడ్డాను.

వేళ్ల సంగతి విని మాత్రం ఆమె ముఖం మారింది. ఆలస్యం చేయొద్దు, రక్తపరీక్ష కాగితాలు తీసుకుని రమ్మను, అవసరమైతే మందు మారుద్దాం అన్నారు. నువ్వు పరీక్షలు చేయించుకుంటున్నావా? ఒక్క కాగితం కూడా పంపలేదు.

బోర్డు సంగతి నేను అడగలేదు. ఎందుకు అడగాలో అర్థం కాలేదు. నా పాదం తొమ్మిది.

దసరాకు వస్తాను. ఆ మరుసటి రోజే నిన్ను నాతో తీసుకొస్తాను, సెలవు పెట్టుకో.

నీ కొడుకు
సంపత్


నస్పూర్
6 నవంబర్ 2023

ప్రియమైన సంపత్‌కు,

దసరాకు వచ్చి తెల్లారే బస్సెక్కావు. నన్ను తీసుకుపోతానన్నవాడివి, ఒక్కడివే వెళ్లావు. మంచిర్యాల బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నావు. బంగారమని జమ్మి ఆకు నా చేతిలో పెట్టబోతే నేను తువ్వాల పరిచి అందుకున్నానని మనసు కష్టపెట్టుకున్నావేమో అని మీ అవ్వ అంటోంది. నిన్ను దూరం పెట్టాలని కాదు బిడ్డా. ఆ రోజు అరచేతులు పగిలి ఉన్నాయి, రక్తం అంటిన బంగారం నీకు తిరిగి ఇవ్వడం బాగుండదని అలా చేశాను.

ఒక పని చెయ్యి. నీ పదో తరగతి మెమో, డిగ్రీ, ఆధార్ కార్డు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించి పంపు. ఎందుకని అడగకు. మంచికే.

చలి మొదలైంది. నా రాత అక్కడక్కడా వంకర పోయింది. సర్దుకుని చదువుకో.

మీ బాపు
పరశురాములు


కరీంనగర్
14 నవంబర్ 2023

ప్రియమైన బాపుకు,

నువ్వు అడిగినవి ఇందులోనే పెట్టాను. రెండేసి కాపీలు. గెజిటెడ్ సంతకాలు కూడా చేయించాను.

దుకాణంలో పని ఎక్కువగా ఉంది. చలికాలంలో ఈ జబ్బు పెరుగుతుందట, మందులు వేళకు వేసుకో.

సంపత్


నస్పూర్
24 జనవరి 2024

ప్రియమైన సంపత్ బిడ్డకు,

రాత చూసి బెదురకు. నేను చెప్తున్న, బాబు మియా బిడ్డ అతియా రాస్తున్నది. నా వేళ్లు కలం పట్టనిస్తలేవు. చెప్పింది చెప్పినట్టే రాయమన్న. సక్కగ చేసి రాస్తే గది నేను చెప్పినట్టు ఉండదు.

బోర్డుకు పోయిన బిడ్డా. నిన్ననే. నీ కాగితాలన్నీ సంచిల పెట్టుకొనే పోయిన. ఇద్దరు డాక్టర్లు చూసిన్రు. అంగీ ఇప్పించిన్రు, చేతులు సాపించిన్రు. నేను మనసుల రాజన్నను మొక్కుతనే ఉన్న. వాళ్లల్ల పెద్దాయన అడిగిండు, "ఏం మందులు వాడినవ్?" అని. నేను అన్నీ వాడిన, తగ్గలే అన్న. "ఏవీ కాగితాలు? రక్తపరీక్షలు ఏవి?" అన్నడు. నా తాన ఏమున్నయి? ఒక్కటి లేదు. "పరశురాములు, ఇది మందులకు లొంగే బీమారి. నువ్వు మందు మింగకుండ వచ్చి అన్‌ఫిట్ చెయ్యమంటే ఎట్ల? పైన తేలిక పని ఇస్తం. ఆరు నెలలు సక్కగ వాడు, అప్పుడు రా" అన్నడు. కోపం చెయ్యలే. కోపం చేస్తే మంచిగుండు.

ఇగ దాసిపెట్టుడు ఎందుకు? డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు నేను మొదటి రెండు సోమవారాలే మింగిన. రెండో వారానికే నెత్తిమీద పొట్టు తగ్గినట్టు అనిపిచ్చింది. గప్పుడే నీ ఉత్తరం వచ్చింది. వెంకటేశ్ బూట్ల సంగతి చదివిన. తగ్గితే నీకేం వస్తది అనిపిచ్చింది. తగ్గకుంటే నౌకరి వస్తది అనిపిచ్చింది. అప్పటిసంది మింగలే. అన్నీ పాత టిఫిన్ డబ్బాల పెట్టి, మూతకు తాడు కట్టి, అటక మీద పెట్టిన.

గంతటితోని ఊకోలే. నువ్వు వద్దని రాసినవే, గవన్నీ చేసిన. తాగొద్దన్నవ్, తాగిన. గీకొద్దన్నవ్, ఇటుకముక్కతోని కాళ్లు రుద్దిన. ఏడ రుద్దితే ఆడ లేచింది, నువ్వు రాసింది అచ్చం నిజం. వేళ్లు వాస్తే సంబురపడ్డ. గిది బోర్డుల పనికొస్తదనుకున్న. ఇప్పుడు చిటికెన వేలు కొంకి లెక్క వంగి ఉన్నది. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టున్నది నా పని.

నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. ఒళ్లు ఖరాబు చేసుకున్నందుకు కాదు, అది నా ఒళ్లు. నీకు నౌకరి ఇప్పియ్యలేకపోయిన. వెంకటేశ్ వాళ్ల బాపు చేసింది నాతోని కాలే. నీకు తెల్వకుంట చేసిన, నీ కాగితాలు ఎందుకు అడిగిన్నో కూడ చెప్పలే. నీ మీద ఏం దోషం లేదు, ఇదంత నా తెలివితక్కువతనం.

మీ అవ్వకు చెప్పిన. నిన్నటి సంది నా చెంబు, ఆమె చెంబు ఒక్కతాన్నే పెడుతున్నది. ఎందుకో అడగలే.

మీ బాపు

(అన్నా, నేను అతియాను. చెప్తూ చెప్తూ మామ నాలుగుసార్లు ఆగాడు. అదొక్కటీ రాయొద్దన్నాడు. రాశాను.)


కరీంనగర్
31 జనవరి 2024

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. నీ మీద ఏం దోషం లేదు అన్న మాట దగ్గర ఆగిపోయి ముందుకు పోలేకపోతున్నాను. అన్నం సహించడం లేదు. అబద్ధం ఎంత తేలిగ్గా ఆడానో నిజం అంత తేలిగ్గా రాయలేకపోతున్నాను. మూడు కాగితాలు చించాను. ఇది నాలుగోది.

నాకు తెలుసు బాపు. దసరా రోజు పొద్దుననే తెలుసు.

ఆయుధపూజకు నీ పాత టిఫిన్ డబ్బా కూడా పెడదామని అటక మీద నుంచి దించాను. నువ్వు స్నానానికి వెళ్లావు, అవ్వ వంటింట్లో ఉంది. బరువుగా అనిపించి తాడు విప్పాను. నేను నెలనెలా పంపిన గోలీల పట్టీలు అడుగు నుంచి మూత దాకా ఉన్నాయి. మొదటిది తప్ప మిగతా పూతమందు సీసాలకు మూత కూడా తీయలేదు. అప్పుడు నీ ఆగస్టు ఉత్తరం మొత్తం అర్థమైంది. వేళ్ల సంగతి, బోర్డు సంగతి, నా బూట్ల కొలత సంగతి. కాళ్ల మీద కొత్త మచ్చలు ఎలా వచ్చాయో కూడా అర్థమైంది. ఎందుకంటే ఎక్కడ రుద్దితే అక్కడ లేస్తుందని నీకు నేర్పింది నేనే.

ఆ రోజు సోమవారం కూడా. నీ ముందుకు వచ్చి, ఏంటి బాపు ఇది, ముందు గోలీ వేసుకో అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. ఆ వెంటనే ఇంకో మాట వచ్చింది. ఇంకో రెండు మూడు నెలలు ఆగితే నౌకరి వస్తుందేమో అని. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నాలోంచే వచ్చింది. డబ్బా మూత పెట్టి, తాడు కట్టి, మళ్లీ అటక మీద పెట్టాను. పూజకు నీ పాత టోపీ ఒక్కటే పెట్టాను. నువ్వు ఒక్కపొద్దున్నావు, మధ్యాహ్నం నీ పక్కన కూర్చుని నేను పండుగ మటన్ తిన్నాను. అవ్వ రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. నువ్వు తువ్వాల పరిచి జమ్మి అందుకున్నప్పుడు నీ అరచేతులు చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. తెల్లారి నిన్ను తీసుకెళ్లకుండా పారిపోయింది అందుకే. నిన్ను తీసుకెళ్తే డాక్టరమ్మ ఒక్క చూపుతో కనిపెట్టేది.

ఆ తర్వాత నువ్వు జిరాక్సులు అడిగావు. ఎందుకో తెలిసే పంపాను. నువ్వు అడగకపోయినా సంతకాలు చేయించాను, పని ఆగకూడదని. బాపు, నీ వేళ్లు వంకర పోతుంటే నేను గెజిటెడ్ అధికారి కోసం రెండు రోజులు తిరిగాను.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. నువ్వు మింగలేదని, నాకు తెలిసీ దాచానని. వంగిన చిటికెన వేలు ఇక చక్కబడదు, మిగతా వేళ్లను ఇంకా కాపాడవచ్చు అన్నారు. ముందు రక్తపరీక్ష, కాలేయం పరీక్ష, అవి బాగుంటే అదే గోలీ మళ్లీ మొదలుపెట్టాలి. మద్యం చుక్క ముట్టకూడదు. ఇక్కడికి రానక్కర్లేదు, కంపెనీ దవాఖానలో కూడా ఇదే వైద్యం చేస్తారు, సిగ్గుపడకుండా వెళ్లమనండి అన్నారు. చీటీ ఇందులో పెట్టాను.

నాకు ఆ నౌకరి వద్దు. ఇప్పుడు వద్దనడం గొప్ప కాదు, అది పోయాక అంటున్న మాట. కానీ ఇంకో ఆరు నెలలకు నువ్వు బోర్డుకు వెళ్తే బాగైన ఒంటితో వెళ్లు. నువ్వు మాఫ్ చేయమన్నావు. ఎవరు ఎవరిని అడగాలో నాకు తెలుసు. వచ్చి నీ ముందు నిలబడే ధైర్యం లేదు. నువ్వు రమ్మంటేనే వస్తాను.

గోలీ వేసుకో బాపు. వేసుకో.

నీ కొడుకు
సంపత్


నస్పూర్
12 ఫిబ్రవరి 2024

ప్రియమైన సంపత్‌కు,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. కలానికి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చింది అతియా. రెండు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. కోడి గీకినట్టున్నా నా రాతే.

నువ్వు చూశావని నాకు తెలుసు. దసరా తెల్లారి నిన్ను బస్సెక్కించడానికి రావద్దన్నావే, ఆ పొద్దుటే డబ్బా దించి చూశాను. నా ముడి లేదు. చిన్నప్పుడు నీకు బూట్ల తాడు కట్టడం నేర్పింది నేనే. నా ముడే నేర్పాను, కానీ నీది ఎడమచెయ్యి కాబట్టి నువ్వు కడితే అది ఎదురు తిరుగుతుంది. ఇంట్లో అలాంటి ముడి వేసేది నువ్వొక్కడివే.

నువ్వు చూసి ఊరుకున్నావంటే నౌకరి కావాలనుకుంటున్నావని అర్థం చేసుకున్నాను. కావాలనుకోవడంలో తప్పు లేదు, నేనూ నీకోసం అదే కోరుకున్నాను. కానీ ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. నేను మింగకూడదని గట్టిగా అనుకున్నా, నువ్వు వచ్చి వద్దంటే బాగుండుననిపించేది. ఫోన్ మోగితే అదే అనుకునేవాణ్ణి. బాబు మియా ఉత్తరం చేతికిస్తే అదే అనుకునేవాణ్ణి. నవంబర్‌లో మందులు వేళకు వేసుకో అని రాశావు. ఆ ఉత్తరంలోనే జిరాక్సులు ఉన్నాయి. రెండింట్లో ఏది నమ్మాలో తెలియక డబ్బా దించలేదు. అతియాతో రాయించినప్పుడు నీ మీద దోషం లేదన్నాను. ఆ పిల్ల ముందు నిన్ను తక్కువ చేయడం ఇష్టం లేక అన్నాను.

తప్పు లేదని ఇప్పుడూ రాయవచ్చు. రాస్తే నువ్వు నమ్మవు. నీ తప్పు ఉంది, నాది అంతకన్నా ఎక్కువ ఉంది. ఇద్దరం కలిసి మోయాల్సిందే.

పరీక్షలు చేయించుకున్నాను. కంపెనీ దవాఖానలో, అందరూ చూస్తుండగా వరుసలో నిలబడి. నా వెనక నిలబడ్డవాడి మోచేతులు చూస్తే నావే అనిపించాయి. నాలుగేళ్లుగా నిండు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతున్నాడట. బాబు మియా హోటల్‌కు తీసుకెళ్లి నీ మొదటి ఉత్తరం ఇచ్చాను, చదువుకోమని. ఈసారి చేయవలసినవాటికి గీత గీసి ఇచ్చాను. కాలేయం బాగానే ఉందన్నారు, తాగుడు మానేశాను. ఇప్పుడు పైన దీపాల గదిలో పని. వెంకటేశ్ రోజూ నా దగ్గరే దీపం తీసుకుని కిందికి దిగుతాడు. వాడి బూట్లు అరిగాయి.

మీ అవ్వ ప్లాస్టిక్ కవరు మానేసింది కానీ ఆమెకు చేతులు వణుకుతాయి, మందు సగం చీరకే పోతుంది. నీకు ఆదివారం సెలవే కదా. వచ్చి వీపుకు మందు రాసి, సోమవారం పొద్దున ఉండి, ఆ తర్వాత వెళ్లు.

గోలీ వేసుకో అని దసరా నుంచి నువ్వు అనాల్సిన మాట ఇప్పటికి అన్నావు. ఈ రోజు సోమవారం. వేసుకున్నాను. వచ్చే సోమవారం ఎదురుగా కూర్చుని చూడు.

మీ బాపు
పరశురాములు